ఆర్డ్‌నెన్స్ కోర్‌లో చేరుతున్న మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

సైన్యానికి ఆయుధాలు, తూటాలు అందించే ఆర్డ్‌నెన్స్ కోర్‌లో చేరి, సికింద్రాబాద్ ఆర్డ్‌నెన్స్ సెంటర్‌లో ట్రైనింగ్‌కి వెళ్తున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. నేను ఇన్‌ఫాంట్రీలో చేశాను. మీరు పంపిన తూటానే నమ్ముకుని సరిహద్దులో నిలబడ్డవాడిగా నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు ఏ రైఫిల్‌కి ఏ తూటానో, ఆ సైజులు బుర్రకెక్కించుకో. ఇన్సాస్‌కి 5.56×45. ఎస్‌ఎల్‌ఆర్‌కి, సిగ్ 716కి 7.62×51. ఏకే-47కీ, అమేఠీ జిల్లా కోర్వాలో తయారయ్యే ఏకే-203కీ 7.62×39. మొదటిది గుండు లావు, రెండోది ఖోకా (మందు నింపే లోహపు గొట్టం) పొడవు, మిల్లీమీటర్లలో. ఎవరైనా ఉత్త '7.62' అంటే రెండో అంకె అడక్కుండా పెట్టె తియ్యకు. 5.56 తూటా సుమారు 12 గ్రాములు, 7.62×51 దానికి రెట్టింపు. కొండెక్కేవాడికి చిన్నది మేలు, దూరం కొట్టాలంటే పెద్దది. ఏది గొప్పన్న వాదనలోకి దిగకు.

ఎక్కువగా వాడేది బాల్ రౌండ్, అంటే మామూలు తూటా. సీసం చుట్టూ రాగి తొడుగు. మెత్తటి మూతి తూటాలు ఒంట్లో విచ్చుకుని ఘోరంగా చీలుస్తాయని 1899లోనే హేగ్‌లో యుద్ధాల్లో వాడకూడదన్నారు. వాటికి పేరొచ్చింది మన కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ నుంచే. ట్రేసర్ గుండు వెనక మండే మందు ఉంటుంది. రాత్రి మన గురి మనకి కనిపిస్తుంది, మనమెక్కడున్నామో శత్రువుకీ కనిపిస్తుంది. ఎండుగడ్డిని అంటించేస్తుంది కూడా, ఎండాకాలం రేంజ్‌కి (కాల్పులు ప్రాక్టీస్ చేసే చోటికి) ఇచ్చేటప్పుడు జాగ్రత్త.

నాకు అసలు భయం బ్లాంక్, డ్రిల్ రౌండ్ల దగ్గరే. బ్లాంక్‌లో గుండు లేకపోయినా మందుంటుంది. మరీ దగ్గర్నుంచి పేలిస్తే ఆ వేడి గాలికే ప్రాణం పోవచ్చు. డ్రిల్ రౌండ్‌లో మందూ ఉండదు, పేలే క్యాపూ ఉండదు. దాన్ని కొత్తగా చేరిన జవాన్లు ట్రైనింగ్ క్లాసులో పదిసార్లు లోడ్ చేసి ట్రిగ్గర్ నొక్కుతారు. అందుకే ఇచ్చేముందు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఖోకా అడుగు భాగం తిప్పి చూడు. అక్కడ నిజం క్యాప్ కనబడిందంటే, ఎదురుగా ఏ సాబ్ ఉన్నా సరే, క్లాసు ఆపించు. వీటి పక్కన లైవ్ రౌండ్ల పెట్టె పొరపాటున కూడా ఉంచకు.

ఇంకొకటి, లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన తూటాలకి వేసే నంబర్. ఒక లాట్‌లో మిస్‌ఫైర్లు (ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటాలు) వరసగా వస్తే మొత్తం లాట్ ఆపాలి. అది ఏ యూనిట్‌కి పోయిందో రిజిస్టరే చెప్పాలి. పెట్టె స్టోర్ గుమ్మం దాటకముందే నంబర్ రాసెయ్, సాయంత్రం రాద్దాంలే అనుకోకు.

నీ మామయ్య