మంకీ క్యాప్ ఒక్కటే చాలదు తమ్ముడూ

సంక్రాంతికి నల్లగొండ వచ్చాను. నిన్న సాయంత్రం మా అన్న కొడుకు సైకిల్ తీసుకుని గడియారం చౌరస్తా నుంచి పానగల్లు దాకా పోయొచ్చాను. ఉదయసముద్రం కట్ట మీద గాలి కాస్త చల్లగా తగిలిందంతే. ఎదురొచ్చినవాళ్లంతా మంకీ క్యాపుల్లో, మఫ్లర్లలో ఉన్నారు. ఒక పెద్దాయన ఆపి మరీ అడిగాడు, "సలి పెడ్తలేదా బిడ్డా?" అని.

ఇంటికొచ్చేసరికి మిర్యాలగూడ తమ్ముడి మెసేజ్. నెలాఖరుకు నేనుండే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ వస్తున్నాడు, చదువుకోవడానికి. "అన్నా, అంత చలిలో సైకిల్ తొక్కుడు అయితదా?"

అయితది. కానీ చలి కంటే ముందు చీకటి సంగతి చూసుకో. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం 3.40కే పొద్దు గుంకుతుంది. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ పగలంతా కదలదని గొప్పగా చెప్పుకుంటాం కదా, అక్కడ మిట్టమధ్యాహ్నం నీ నీడే నీకు ఐదింతలు సాగి రోడ్డవతల పడుతుంది. అందుకే చీకటి పడితే సైకిల్‌కి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాల్సిందే, అది చట్టం. ఫోన్ టార్చ్‌తో నెట్టుకొద్దామనుకోకు.

నా మొదటి చలికాలం ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నాను. కాఫీ హోటల్ బయట వరసగా పిల్లల బండ్లు. ఒకదాంట్లో పసిబిడ్డ, ముక్కు మాత్రమే కనిపిస్తోంది, హాయిగా నిద్ర. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. నాకు టెన్షన్ మొదలైంది, సైకిల్ ఆపి అటూ ఇటూ చూస్తున్నాను. అద్దం వెనక కాఫీ తాగుతున్న తల్లి నన్ను చూసి చెయ్యూపింది. చల్లగాలిలో నిద్ర పిల్లలకు మంచిదని వాళ్ల నమ్మకం. ఫోన్లో చెబితే మా అమ్మ నమ్మలేదు. "గా పిల్లకు నాయనమ్మ లేదా?" అంది.

ఇంకా చాలా చూస్తావు. ముందు పెట్టె ఉన్న సైకిల్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల మీద అడ్డంగా క్రిస్మస్ చెట్టు. డిసెంబరు 13న కాలువల్లో దీపాలు పెట్టుకుని పాడుతూ పోయే చిన్న పడవలు. హార్బర్‌లో గడ్డకట్టే నీళ్లలో మునిగి, ఎర్రగా కమిలిన ఒంటితో నవ్వుకుంటూ బయటికొచ్చే ముసలివాళ్లు.

ఆ ముసలివాళ్లను చూస్తూనే నేను టక్కున బ్రేక్ వేశాను. వెనకొస్తున్న ఆవిడ నన్ను గుద్దింది, ఇద్దరం పడ్డాం. ముందు నా మోచెయ్యి చూసింది, తర్వాత బాగా తిట్టింది. తప్పు నాదే. అక్కడ ఆగేముందు చెయ్యి పైకెత్తి చూపాలి. పైగా బండ్లన్నీ కుడివైపున పోతాయి. ఎడమకు తిరగాలంటే చౌరస్తాలో నేరుగా కోసుకుపోకు. ఎదురుగా దాటి, మూలన ఆగి, అప్పుడు తిరగాలి. మొదటి వారం నాకు ఇదే అర్థం కాలేదు.

మంచు పడ్డా సైకిల్ దారులు త్వరగానే ఊడ్చేస్తారు. భయపడాల్సింది కంటికి కనపడని గాజులాంటి మంచు పొరకు, అదీ వంతెనల మీద. మలుపులో బ్రేక్ ముట్టుకోకు.

స్వెటర్లు, జాకెట్లు ఇక్కడ కొని సూట్‌కేస్ నింపకు, అక్కడి గాలికి అవి ఆగవు. చేతికి గ్లవ్స్ మాత్రం మంచివి కొనుక్కో, ముందు మొద్దుబారేది వేళ్లే. మంకీ క్యాప్ తెచ్చుకోవాల్సిన పని లేదు, పొద్దున గడియారం దగ్గర రెండు కొన్నాను. ఒకటి నీకే.