పాపని ముందు నడవనివ్వు

అమ్మడూ,

ఇండియా నుంచి పాపతో నీ దగ్గరికి వస్తున్నవాళ్ళ కోసం నువ్వు పంపిన ప్లాను చూశాను. గురువారం రాత్రి దిగి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళకి ఫ్రైబుర్గ్, టిటిజే సరస్సు, యూరోపా పార్క్, స్ట్రాస్‌బూర్, వీలైతే బాజెల్ కూడానా! అన్నీ రాశావు గానీ, ఇందులో ఐదేళ్ళ పిల్ల ఎక్కడుంది?

ముందు నిద్ర సంగతి చూడు. జూన్‌లో ఇండియా మన జర్మనీ కంటే మూడున్నర గంటలు ముందుంటుంది. పాప తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆకలంటుంది, సాయంత్రం ఐదయ్యేసరికి ఎక్కడ ఉంటే అక్కడే తూలిపోతుంది. మనకేమో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగే కాబట్టి, ఇంకా బోలెడు పొద్దుంది పదండి అనిపిస్తుంది. అక్కడే అందరి మూడ్ చెడేది. తిరగాల్సినదంతా పొద్దున పెట్టుకో. నాలుగింటికల్లా ఇంటికి వచ్చేయండి. తర్వాత పెద్దవాళ్ళు కబుర్లు చెప్పుకుంటారు, పాప నిద్రపోతుంది.

స్ట్రాస్‌బూర్, బాజెల్ కొట్టేశాను. యూరోపా పార్క్ కూడా. ఆ వయసు పిల్లలని ఎత్తు చాలలేదని కొన్ని రైడ్ల దగ్గర ఆపేస్తారు, క్యూలలో ఏడుపులు వేరే. టిటిజే అందంగానే ఉంటుంది, కాదనను. కానీ వేసవిలో వారాంతం అక్కడ సరస్సు కంటే జనాన్నే ఎక్కువ చూస్తారు.

శుక్రవారం పొద్దున ఏడున్నరకల్లా మున్‌స్టర్ చర్చి ముందున్న సంతలో ఉండండి. ఎలాగూ అందరూ లేచే ఉంటారు. ఆదివారం తప్ప రోజూ ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి సర్దేయడం మొదలెడతారు. ఉత్తరం వైపు చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కూర్చుంటారు. జూన్ కదా, స్ట్రాబెర్రీలు, చెర్రీలు ఉంటాయి. చిల్లర ఇచ్చి పాపతోనే కొనిపించు. అక్కడ బళ్ళ మీద బ్రెడ్డులో పెట్టి ఇచ్చే పొడుగాటి సాసేజీని 'లాంగె రోటె' అంటారు, ఊళ్ళో అందరూ నిలబడే తింటారు. మీవాళ్ళు మాంసం తినరన్నావుగా, టోఫూతో చేసినది అడుగు.

అదే సంతలో చెక్క పడవలు అమ్ముతారు, తాడు కట్టి ఉంటుంది. ముందు అది కొను. పాతఊరి వీధుల పక్కన పారే సన్నటి నీటికాలువలు, అవే 'బెష్లె', నువ్వు రోజూ దాటుతూనే ఉంటావు. పూర్వం పశువులు తాగడానికి, ఇళ్ళంటుకుంటే ఆర్పడానికి వాడిన నీళ్ళవి, డ్రైజామ్ నది నుంచి వస్తాయి. లోతు చీలమండ దాకా ఉంటుందేమో. పడవని నీళ్ళలో వదిలి, తాడు పాప చేతికిచ్చి, మీరు పెద్దవాళ్ళు ముగ్గురూ వెనక నడవండి. ఎటు పోవాలన్నది పడవ చూసుకుంటుంది. ఒక గంటలో గైడు చూపించే సందులన్నీ చూసేస్తారు, 'ఇంకెంత దూరం' అన్న మాట ఒక్కసారి కూడా వినపడదు.

ఒక్క జాగ్రత్త. కైజర్ యోసెఫ్ వీధిలో ఆ ఆట వద్దు. అక్కడ ట్రాములు తిరుగుతాయి, పిల్ల కళ్ళేమో నీళ్ళ మీద ఉంటాయి. అగస్టీనర్ ప్లాట్జ్ వైపు తీసుకెళ్ళు. దాని కిందుగా గెర్బెరౌ వీధి పక్కన పెద్ద కాలువ ఒకటుంది, నీళ్ళలోంచి రాతి మొసలి తల పైకెత్తి చూస్తూ ఉంటుంది. దాన్ని తప్పకుండా చూపించు గానీ పడవ అందులో వదలనివ్వకు. అది లోతు, వడి కూడా ఎక్కువ. తాడు లాగితే పిల్ల కూడా దానితోపాటే పోతుంది. ఇంకోటి, బెష్లెలో పొరపాటున కాలు పడ్డవాళ్ళు ఈ ఊరివాళ్ళని పెళ్ళి చేసుకుంటారని ఇక్కడ చెప్పుకుంటారు. పాప కాలు ఎలాగూ పడుతుంది, వాళ్ళమ్మని ఏడిపించడానికి పనికొస్తుంది. మార్చడానికి సాక్సు మాత్రం సంచీలో పెట్టుకో.

ఇక చర్చి. గోపురం 116 మీటర్లు, 1330 ప్రాంతంలో పూర్తయింది అని పెద్దవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేసెయ్. 1944 నవంబరు 27న బాంబులు పడి చుట్టూ పాతఊరు చాలామటుకు నేలమట్టమైనా ఇది నిలబడిందని కూడా చెప్పు. అది తెలిస్తే ఆ మైదానంలో నిలబడి చూసే చూపే వేరుగా ఉంటుంది. పాపకి ఇవేవీ అక్కర్లేదు. గోపురం కింద ముఖద్వారం దగ్గర గోడ మీద రొట్టెల ఆకారాలు చెక్కి ఉంటాయి, పక్కనే 1270, 1317 లాంటి ఏళ్ళు. సంతలో కొన్న రొట్టె చిన్నదనిపిస్తే జనం ఇక్కడికొచ్చి కొలిచి చూసుకునేవాళ్ళు. పాప చేతిలో బన్ను పెట్టి కొలవమను. లోపల రంగు అద్దాలకి డబ్బిచ్చింది చేతివృత్తులవాళ్ళ సంఘాలు, అందుకే ఒక అద్దంలో మెలికల రొట్టె, ఒకదాంట్లో బూటు, ఒకదాంట్లో కత్తెర కనిపిస్తాయి. వెతకమని పురమాయించు, ఇంక నువ్వు మాట్లాడక్కర్లేదు. బయటికొచ్చాక కాలిబాట మీద కూడా అదే ఆట: రైన్ నది గులకరాళ్ళని పరిచి దుకాణాల ముందు బొమ్మలు చేసి ఉంటారు. దక్షిణం వైపు వాననీళ్ళు కక్కే రాతి బొమ్మల్లో ఒకటి పిర్రలు చూపిస్తూ ఉంటుంది. అది చూపిస్తే ఇక మీ ముగ్గురిలో నువ్వే పాపకి ఎక్కువ ఇష్టమైపోతావు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే మాత్రం లోపలికి వెళ్ళకండి.

భోజనాల దగ్గర మొహమాటపడకు. ఇక్కడ చాలా హోటళ్ళలో మధ్యాహ్నం రెండు దాటాక వంటగది మూసేస్తారు, మళ్ళీ సాయంత్రమే. మనవాళ్ళు ఒంటిగంటకి 'ఇంకాసేపాగి తిందాం' అంటారు, ఒప్పుకోకు. చీజు వేసిన ష్పెట్స్‌లె, అంటే ఇక్కడి నూడుల్స్, పిల్లలు తింటారు. పల్చటి పిజ్జాలాంటి ఫ్లామ్‌కూఖెన్‌లో మామూలుగా పందిమాంసం ముక్కలుంటాయి, లేకుండా చెయ్యమని ముందే చెప్పాలి. నీళ్ళడిగితే గ్యాసు నీళ్ళు తెస్తారు, డబ్బు కూడా తీసుకుంటారు, అందుకని ఇంటి నుంచి కుళాయి నీళ్ళే సీసాలో పట్టుకెళ్ళు. పెరుగన్నం డబ్బా ఒకటి దగ్గరుంటే సగం యుద్ధాలు మొదలవకముందే ఆగిపోతాయి. టాయిలెట్లకి యాభై సెంట్ల బిళ్ళలు జేబులో ఉంచుకో.

శనివారం ముండెన్‌హోఫ్. ఊరి మునిసిపాలిటీ నడిపే జంతువుల తోట, లోపలికి టికెట్టు లేదు, కారు పెట్టుకోవడానికే డబ్బు. ట్రాము గుమ్మం దాకా పోదు, కాస్త నడక ఉంది, కాబట్టి పాపకి తోపుడుబండి తీసుకెళ్ళు. ఒంటెలున్నాయి, కోతులున్నాయి, ఆడుకునే చోటుంది, ఇంకేం కావాలి? తిరిగొస్తూ సూపర్‌మార్కెట్టులో ఆగి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు మిషన్లో పాపతో వేయించు. సీసాకి పాతిక సెంట్లు తిరిగొస్తాయి, ఆ చీటీతో ఏం కొనుక్కుంటుందో దానిష్టం. ఆదివారం సామాన్లు కూడా అప్పుడే కొనేయ్, ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయని వాళ్ళకి తట్టదు.

ఆదివారం ఆకాశం బాగుంటే షావిన్స్‌లాండ్ కొండ. రెండో నంబరు ట్రాములో గ్యుంటర్స్‌టాల్ దాకా, అక్కడ నుంచి బస్సులో రోప్‌వే దగ్గరికి. 1930లో మొదలైంది, మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు, ఇరవై నిమిషాలు పడుతుంది. కొండ ఎత్తు 1284 మీటర్లు, కింద ఎండగా ఉన్నా పైన చలే, స్వెటర్లు మర్చిపోవద్దు. మబ్బు పట్టి ఉంటే వెళ్ళకండి, తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. అలాంటప్పుడు మీ ఇంటి దగ్గరి ఆటస్థలానికి పోండి, పాపకి ఏ తేడా తెలియదు.

రెండు చిన్న మాటలు. రోడ్డు దాటేచోట ఎర్రలైటు ఉంటే, కార్లు లేకపోయినా ఆగండి. పక్కన పిల్లలుండగా దాటితే ఇక్కడి ముసలమ్మలు అందరిముందూ అనేస్తారు. మీ కింది వాటాలో ఉండేవాళ్ళకి మాత్రం ఈవారమే చెప్పు, చిన్నపిల్ల వస్తోంది, తెల్లవారుజామున చప్పుడు వినపడొచ్చని. ముందే చెబితే వాళ్ళే నవ్వి ఊరుకుంటారు.

శనివారం రాత్రి భోజనం మా ఇంట్లో. నాలుగున్నరకే రండి, పాప పడుకోకముందు. కారం తగ్గించి పప్పుచారు చేస్తాను. పాపకి వేరుశనగ పడుతుందో లేదో వాళ్ళమ్మని అడిగి బుధవారంలోగా చెప్పు, పచ్చడి దాన్నిబట్టి చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ