ఆదివాసుల కథలు పుస్తకంగా వస్తే కాపీరైట్ ఎవరిది?

చాలా దేశాల్లో అది కథను కాగితం మీద పెట్టినవారిదే, తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన తెగది కాదు. కాపీరైట్ చట్టానికి ఫలానా రచయిత అంటూ ఉండాలి, హక్కుకు గడువూ ఉంటుంది. నోటి మాటగా వచ్చిన కథకు ఈ రెండూ కుదరవు. ఇది అన్యాయమే.

అలాగని దారి లేకపోలేదు. ఆస్ట్రేలియాలో పిట్జంట్‌జట్‌జరా అనే ఆదివాసీ తెగ పెద్దలు 1940లో మానవశాస్త్రవేత్త చార్లెస్ మౌంట్‌ఫర్డ్‌ను నమ్మి, స్త్రీలకూ పిల్లలకూ తెలియకూడని పవిత్ర విషయాలు చెప్పారు. 1976లో అవి ఆయన పుస్తకంలో కనిపించాయి. తెగవాళ్లు కోర్టుకెళ్లి, కాపీరైట్ ఊసెత్తకుండా, నమ్మి చెప్పిన రహస్యం బయటపెట్టారని వాదించి ఆ దేశంలోని నార్తర్న్ టెరిటరీ ప్రాంతంలో దాని అమ్మకం ఆపించారు.

పాత కథలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు అనుకోవడం పొరపాటు. చాలా తెగల్లో ఏ కథ ఎవరు చెప్పాలో, ఏ కాలంలో చెప్పాలో కట్టుబాటు ఉంటుంది. చట్టం అడగకపోయినా ముందు వాళ్లను అడగాలి.