భీమవరంలో ఇంట్లోనే విస్కీ సోర్ కలపడం ఎలా?

విస్కీ సోర్ అంటే విస్కీ, నిమ్మరసం, పంచదార నీళ్లు ఐసుతో ఊపి కలిపే కాక్‌టెయిల్. ఊపడానికి వాడే షేకర్ (మూత ఉన్న డబ్బా) లేకపోయినా, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా చాలు. ఆవకాయ పెట్టిన సీసా మాత్రం వద్దండి, ఎంత తోమినా ఆ వాసన పోదు.

ఒక గ్లాసుకి 60 మి.లీ. విస్కీ, 20 నుంచి 25 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పంచదార నీళ్లు. పంచదార, నీళ్లు సమానంగా తీసుకుని కరిగేదాకా వేడి చేసి చల్లార్చండి, తీగపాకం రానివ్వకండి. తాటిబెల్లం వేసినా బాగుంటుంది, నాకైతే అదే ఇష్టం. అమెరికాలో దీనికి వాడేది పసుపుపచ్చ లెమన్. మన చిన్న నిమ్మకాయ పులుపు సూటిగా తగులుతుంది, అందుకే ముందు తక్కువ పోసి రుచి చూసుకోండి.

అసలు సంగతి ఐసు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ ఉప్పదనం గ్లాసులో తెలిసిపోతుంది, క్యాన్ నీళ్లతో గడ్డకట్టించుకోండి. రొయ్యల పెట్టెల్లో వేసే ఐసు జోలికి పోవద్దు. డబ్బాలో విస్కీ, నిమ్మరసం, పంచదార నీళ్లు పోసి, నిండా ఐసు ముక్కలు వేసి 12-15 సెకన్లు గట్టిగా ఊపి, వెంటనే వడకట్టండి. మన ఉక్కలో ఆలస్యమైతే నీళ్లపాలే.

పైన నురగ కావాలంటే ఒక గుడ్డు తెల్లసొన. ముందు ఐసు లేకుండా ఊపి, తర్వాత ఐసుతో ఊపాలి. పచ్చి గుడ్డుతో సాల్మోనెల్లా (కడుపు పాడుచేసే బ్యాక్టీరియా) భయం ఉంది, తాజా గుడ్డుతోనూ అది పూర్తిగా పోదు; అనుమానం ఉంటే మానేయండి.