బండి సందేహాలు: వెనక షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) మార్చాలా, బిగిస్తే చాలా?

ప్రశ్న: అన్నా, నాది 2017 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, ఇప్పటికి 52 వేల కిలోమీటర్లు తిరిగింది. నేను 86 కేజీలు, మా ఆవిడ 64. నెలకోసారి చింతామణి మీదుగా మదనపల్లె పోతాం, హంప్ వచ్చిందంటే వెనక ధడ్‌మని కొడుతుంది, వెంటనే ఆవిడ నా వీపు మీద ఇంకోటి కొడుతుంది. మెకానిక్ స్ప్రింగుని చివరి పాయింటు దాకా బిగించాడు, ధడ్ కొంచెం తగ్గింది గానీ ఇప్పుడు గుర్రంలా ఎగిరి పడుతోంది. జేసీ రోడ్డులో ఒకచోట గ్యాస్ షాక్‌లు జత 4 వేలన్నారు, ఇంకోచోట 18 వేలు. గ్యాస్‌వి వేయిస్తే సరిపోతుందా? (ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు)

జవాబు: తమ్ముడూ, నీ బండికి కంపెనీ ఇచ్చిందే గ్యాస్ షాక్! ఆ గ్యాస్ అనే మాట చెప్పి ఎంతమందికి ఎంత అమ్మారో లెక్కలేదు. గ్యాస్ మీ ఇద్దరి బరువు మొయ్యదు, మోసేది స్ప్రింగు. లోపలుండే ఆయిల్ చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరుతూ స్ప్రింగు ఊగకుండా పట్టుకుంటుంది, ఆ గ్యాస్ అంటే నైట్రోజన్, దాని పని ఏమంటే ఆ ఆయిల్ నురగ రాకుండా ఒత్తి పెట్టడం, అంతే. స్ప్రింగు కోడెదూడ అనుకో, ఆయిల్ దాని పగ్గం. 52 వేల కిలోమీటర్లకి నీ పగ్గం తెగిపోయినట్టుంది, దానికి తోడు మెకానిక్ దూడని ఇంకా రెచ్చగొట్టాడు, ఎగరక ఏం చేస్తుంది?

చివరి పాయింటుకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు, మెకానిక్‌లు కూడా. గట్టిపడదు. బండి వెనక భాగం కాస్త పైకి లేస్తుంది, అందుకే అడుగుదాకా దిగి కొట్టడం తగ్గింది. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పుని బట్టి ఉంటుంది, పాయింట్లు తిప్పే సీ స్పానర్‌తో మారేది కాదు.

కొనేముందు ఆదివారం పొద్దున ఒక అరగంట పెట్టు. బండి స్టార్ట్ చెయ్యకముందే టైర్లో గాలి చూడు, ఇద్దరు కూర్చుంటే ఎంత పెట్టాలో మాన్యువల్లో ఉంటుంది, ఒక్కడికి పెట్టే గాలితో ఇద్దరు తిరిగి షాక్‌ని తిట్టేవాళ్ళని బోలెడుమందిని చూశా. తర్వాత సీటు వెనక బలంగా ఒకసారి నొక్కి వదులు. పైకొచ్చి నిలబడితే పర్లేదు, రెండు మూడుసార్లు ఊగితే లోపల పని అయిపోయినట్టే. రాడ్డు మీద ఆయిల్ తడి ఉందేమో చూడు. ఇంకో చిట్కా, గతుకుల రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు తిరిగొచ్చి రెండు షాక్‌ల బాడీనీ చేత్తో తాకి చూడు. ఊగడాన్ని వేడిగా మార్చడమే దాని పని కాబట్టి గోరువెచ్చగా ఉండాలి, చల్లగా ఉన్నది పని చెయ్యట్లేదని అర్థం. కాకపోతే సైలెన్సర్ వైపుది దాని వేడికే వెచ్చగా ఉండొచ్చు, కాబట్టి అటువైపు దాన్ని చూసి మోసపోకు, చెయ్యి కూడా కాల్చుకోకు.

ఇప్పుడు టేపు తీసుకో. బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నేరుగా పైన సీటు అంచు దాకా కొలిచి రాసుకో. స్టాండు తీసి, ఒకళ్ళు హ్యాండిల్ పట్టుకుంటే, మీరిద్దరూ బ్యాగుతో సహా కూర్చోండి, మళ్ళీ కొలిపించు. రెంటికీ తేడా ఎంత వచ్చిందో అదే ముఖ్యం. నీ బండికి వెనక మొత్తం కదలిక 80 మిల్లీమీటర్లు, అందులో పావు నుంచి మూడోవంతు, అంటే 20 నుంచి 27 దాకా దిగితే బాగున్నట్టు. చివరి పాయింటులో పెట్టినా 35, 40 దిగుతుంటే మీ 150 కేజీలకి ఆ స్ప్రింగు చాలదు, దానికంటే గట్టి స్ప్రింగు ఉన్నదే కొనాలి. కొలత సరిగ్గా ఉండి ఊగడమే సమస్యైతే కంపెనీ షాక్‌లే కొత్త జత వేయించుకో, అప్‌గ్రేడ్ పేరుతో డబ్బు తగలెయ్యక్కర్లేదు.

గట్టిది కొనాల్సొస్తే, షాపువాడు నీ బరువెంత, వెనక ఎవరు కూర్చుంటారు అని అడగకుండానే డబ్బా చేతిలో పెడితే అక్కణ్ణుంచి వచ్చెయ్. 4 వేల జత గురించి నా కథ చెప్తా. కొన్నేళ్ళ క్రితం ఇలాగే మెరిసే ఎర్ర సిలిండర్ అతికించినవి చూసి ముచ్చటపడి కొన్నా, ఆరు నెలలకే ఆయిల్ కారింది, కుతూహలం కొద్దీ సిలిండర్ విప్పితే లోపల ఖాళీ, ఒట్టి రేకు డబ్బా! అందరివీ అలాగే ఉంటాయని కాదు, కానీ డబ్బా చూసి మాత్రం కొనకు. 18 వేల దాంట్లో రీబౌండ్, అంటే దిగిన షాక్ తిరిగి పైకి లేచే వేగం, సర్దుకునే నాబ్ ఉందా, పాడైతే విప్పి సర్వీస్ చేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారా, ఈ రెండూ అడుగు. స్వీడన్ ఓలిన్స్ లాంటివి గొప్పవే, కాదన్ను, మదనపల్లె ట్రిప్పుకి మాత్రం నేనైతే అంత పెట్టను.

పాతదాని పై బోల్టు నడిమధ్య నుంచి కింది బోల్టు నడిమధ్య దాకా కొలత తీసుకెళ్ళు, కొత్తది అంతే ఉండాలి. పొడవు ఎక్కువైతే వెనక లేచి హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ వాలిపోతుంది. తక్కువైతే ఇద్దరు కూర్చున్నప్పుడు టైరు మడ్‌గార్డుకి రాసుకునే ప్రమాదం. రెండూ ఒకేసారి మార్చు, రెండువైపులా ఒకటే పాయింటు పెట్టు. షాక్ చివర్ల బోల్టు దూరేచోట ఉండే రబ్బరు బుష్‌లు మెలిపడకుండా బోల్టులు ఆఖరి బిగింపు బండిని నేలమీద దించాక బిగించమను, చైన్ వదులు కూడా ఒకసారి చూపించు. రీబౌండ్ నాబ్ ఉంటే కంపెనీ చెప్పిన చోట మొదలుపెట్టి ఒకే రోడ్డు మీద రెండేసి క్లిక్కులు మారుస్తూ తిరుగు. మరీ బిగిస్తే వరసగా హంపులొచ్చిన చోట వెనక లేవకుండా దిగిపోతూ ఉంటుంది, మళ్ళీ అదే ధడ్, మళ్ళీ వీపు మీద అదే దెబ్బ.

ప్రశ్న: నాది హిమాలయన్ 411, నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, సిగ్నల్లో కాలు అందట్లేదు. మోనోషాక్ (వెనక ఒక్కటే ఉండే షాక్) దగ్గర దాన్ని చక్రం వైపు కలిపే లింకు మార్పించి బండి కిందికి దింపుకోమంటున్నారు, చెయ్యొచ్చా? (కోరమంగళ)

జవాబు: చెయ్యొచ్చు చెల్లెమ్మా, కానీ అది ఆఖర్న. వెనక దింపి ముందు అలాగే వదిలేస్తే స్టీరింగు మొద్దుబారుతుంది, కాబట్టి ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కూడా వాటిని బిగించే క్లాంపుల్లో కాస్త పైకి జరపాలి, సైడ్ స్టాండు పొడవైపోయి బండి నిటారుగా నిలబడి అటువైపు పడిపోతుంది, దాన్నీ కత్తిరించాలి. పైగా ఆ బండికి 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉందనేగా కొనుక్కున్నారు? ముందు సీటు ఫోం కొంచెం చెక్కించండి, అంచులు సన్నం చేయిస్తే ఎత్తు పెద్దగా తగ్గకపోయినా కాలు నేరుగా దిగుతుంది. మీరొక్కరే తిరిగితే స్ప్రింగు కూడా ఒకటి రెండు పాయింట్లు వదులు చేసి చూడండి.

ప్రశ్న: షాక్ నుంచి ఆయిల్ కారుతోంది. మా ఏరియా మెకానిక్ కోసి, సీలు మార్చి, వెల్డింగ్ పెట్టి 600కి ఇస్తానంటున్నాడు. (బొమ్మనహళ్ళి)

జవాబు: వద్దు. లోపల ఒత్తిడితో గ్యాస్ ఉంటుంది, తెలియకుండా కోస్తే మొహం మీద పేలుతుంది, కోశాక ఆ నైట్రోజన్ మళ్ళీ నింపే మిషను ఆయన దగ్గర ఉందా అడగండి. కొత్త జత కొనుక్కోండి, ఈలోగా వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి, కారిన ఆయిల్ టైరు మీద, డిస్క్ మీద పడిందేమో బయల్దేరేముందు రోజూ చూసుకోండి.