షట్టర్ దించి ఇంజన్ ఆన్ చేయకు

బాబూ,

సాయంత్రానికి తల పోటెత్తుతోందని, వాంతి వచ్చేలా ఉంటోందని, సెలవు రోజు మాత్రం ఏమీ ఉండదని చెప్పావు. అలసటేలే అని మాత్ర వేసుకుంటున్నావట. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. సెలవు రోజు రాని తలనొప్పి పనిరోజు వస్తోందంటే ముందు నువ్వు బండ్లు బాగుచేసే షెడ్డులోని గాలిని అనుమానించాలి.

ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. పొగ కనబడకపోతే గాలి బాగానే ఉందనుకుంటాం. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బయటికొచ్చి మంచి గాలి పీల్చినా, అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఓసారి చలికి షట్టర్ దించి పెట్రోల్ బండి ట్యూనింగ్ చేస్తున్నాను. స్పానర్ జారి పడింది. తీద్దామని వంగితే కాళ్లు కదల్లేదు. కుర్రాడు షట్టర్ ఎత్తి నన్ను బయటికి లాగాడు.

అప్పటినుంచీ సైలెన్సర్‌కు గొట్టం తగిలించి, రెండో కొస గోడ బయట పెట్టాకే ఇంజన్ స్టార్ట్ చేస్తాను. చల్లగా ఉన్న పెట్రోల్ ఇంజన్‌తో మరీ జాగ్రత్త, వేడెక్కేదాకా పొగలోని ఈ గ్యాస్‌ను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయదు. సీలింగ్ ఫ్యాన్ ఉందిగా అనకు, అది ఉన్న గాలినే తిప్పుతుంది. ముక్కు ఎత్తులో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించు.

ఇక లివర్ ఎంజైములు కాస్త ఎక్కువొచ్చాయన్నావు. ఆక్సిజన్ బాగా తగ్గితే లివర్ దెబ్బతింటుంది, నిజమే. కానీ తప్పంతా ఈ గ్యాస్ మీదే వేయకు. థిన్నర్లు, మద్యం, లివర్‌లో కొవ్వు, చివరికి నువ్వు వేసుకునే పారాసెటమాల్ మోతాదు మించినా అవి పెరగొచ్చు. పాత పెయింట్ ఊడగొట్టే రిమూవర్ డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉందేమో చూడు. దాన్ని పీలిస్తే లివరే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. పని ఆపిన తర్వాత కూడా కొన్ని గంటలు రక్తంలో అది పెరుగుతూనే ఉంటుంది. మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే ఆ డబ్బా వాడకు.

వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98 చూపించిందని ధైర్యపడకు, మామూలు ఆక్సిమీటర్ ఈ గ్యాస్‌ను ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. తలనొప్పి ఉన్నప్పుడే, షెడ్డు నుంచి నేరుగా వెళ్లి, రక్తంలో ఈ గ్యాస్ ఎంత పట్టుకుందో చెప్పే కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయమని అడుగు. ఏం పని చేస్తావో, ఏ డబ్బాలు వాడతావో, సిగరెట్ అలవాటుంటే అదీ డాక్టరుకు దాచకుండా చెప్పు. తల తిరిగినా, మత్తుగా అనిపించినా రేపటిదాకా ఆగకు, వెంటనే బయటికి వచ్చి ఆసుపత్రికి వెళ్లు.

గొట్టం ఎలా బిగించాలో తెలియకపోతే ఫోన్ చెయ్యి, వచ్చి నేనే బిగించి ఇస్తాను.

మీ పెదనాన్న