గది సర్దాను, మామగారు ముభావంగా ఉంటున్నారు

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. దసరాకు ముందు నా ఆఫీసు గదిలోని పాత కాగితాలు మూడు బస్తాలకెత్తి, పాత పేపర్లు కొనే అతనికి వేసేశాను. వాటిలో మామగారు ఏళ్లుగా దాచుకున్న కరెంటు బిల్లుల కట్ట కూడా పోయింది. అప్పటి నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇంత చేసినా నెల తిరక్కుండా బల్ల మళ్లీ నిండిపోయింది. ఏం చేయాలి? – ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: బల్ల సంగతి తరువాత చూద్దాం, ముందు మామగారి విషయం. వరుసలో నిలబడి బిల్లు కట్టి, రసీదు పోతే మళ్లీ కట్టమంటారేమోనన్న భయంతో దాన్ని తీగకు గుచ్చి దాచుకున్న తరం ఆయనది. ఆ బిల్లులతో ఇప్పుడు పని లేదన్నది నిజమే అయినా, ఆ మాట ఆయనతో అనకండి. ‘మిమ్మల్ని అడక్కుండా వేసేశాను మామయ్యగారూ, తప్పయింది’ అని చెప్పి ఊరుకోండి; వెంటనే ‘కానీ’ అంటూ సంజాయిషీ మొదలుపెడితే మొదటి మాట కూడా వృథా అవుతుంది.

ఆ తరువాత మిగిలిన కాగితాలు సర్దడానికి ఆయన్నే కూర్చోబెట్టండి. ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, అంతకు ముందరి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఆస్తి పన్ను రసీదులు ఏవి ఎక్కడివో మీ వారికంటే ఆయనకే బాగా తెలిసి ఉంటుంది. వాటిని ఒక పెట్టెలో పెట్టి, ఆయన చేతిరాతతోనే చీటీ అంటించి, బీరువాలోకి చేర్చండి. ఆధార్, పాన్ వంటివి ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో దొరుకుతాయి గానీ, రేపు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవలసి వస్తే బ్యాంకువారు అసలు దస్తావేజే అడుగుతారు.

మీ కాగితాల్లో ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు ఆఫీసువారిచ్చే పత్రం), పన్ను రిటర్నుల ప్రతులు ఏడెనిమిదేళ్ల వరకు ఉంచుకోవడం మంచిది. దుకాణంలో యంత్రం నుంచి వచ్చే నున్నటి బిల్లుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అవి వేడికి నల్లబడతాయి, కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవరులో పెడితే మరింత త్వరగా పాడవుతాయి. మా ఇంటి ఫ్రిజ్ వారంటీ బిల్లు అలాగే తెల్లకాగితమైంది. కాబట్టి వస్తువు కొన్న రోజే దాని బిల్లుకు ఫోటో తీసుకోండి.

ఇక బల్ల నిండటానికి మీ బద్ధకం కారణమని నేననుకోను. ఖాళీగా కనిపించిన చోట చేతిలోని వస్తువు పెట్టేయడం ఇంటిల్లిపాదికీ అలవాటే. ఇస్త్రీ బట్టలు, శుభలేఖలు, కొరియర్ కవర్లు అలాగే వచ్చి చేరతాయి. గది గుమ్మం దగ్గర ఒక వెదురు బుట్ట పెట్టి, ఎవరు ఏం తెచ్చినా అందులోనే వేయమని అత్తగారికీ మీ వారికీ చెప్పండి. ఆదివారం దాన్ని ఖాళీ చేసే పని మీ వారిది. బల్ల మీద కంప్యూటరు, రాసుకునే పుస్తకం, మంచినీళ్ల సీసా ఉంటే చాలు.

బుట్ట వచ్చే వారం కొనవచ్చు. మామగారితో మాత్రం ఈ రోజు సాయంత్రమే మాట్లాడండి.